నూరు దాటిన గాలి

తెలకపల్లికి దగ్గరలోని ఆ ఊళ్లో కంకర మిషన్ మొదలైన మూడో ఏడు, పద్మమ్మ కౌలుకు చేస్తున్న వేరుశనగ చేను పూత మీద ఉండగానే దుమ్ము కమ్మి తెల్లబడింది. ఆకు మీద వేలితో గీస్తే గీత పడేది. పూత పూసింది గానీ, కాయ కట్టే ఊడలు మట్టిలోకి సరిగ్గా దిగలేదు. ఆమె భర్త జోగయ్య పది అడుగులు వేస్తే ఆగి దగ్గేవాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, బీడీలు తాగుతావా అని అడిగాడు. జోగయ్య జన్మలో బీడీ ముట్టలేదు.

"అయితే దుమ్ములో ఉండకు," అన్నాడు డాక్టరు.

"దుమ్ము మా ఇంట్లనే ఉన్నది సారూ. మేమేడికి పోవాలె?" అంది పద్మమ్మ.

వనపర్తిలో డిగ్రీ చదువుతున్న ఆమె బిడ్డ సౌజన్య, కంకర మిషన్‌కు ఇచ్చిన అనుమతి కాగితం సంపాదించి తల్లికి చదివి వినిపించింది.

"సన్న దుమ్ము, ఒక ఘనపు మీటరు గాలిల, దినానికి నూరు మైక్రోగ్రాములు దాటొద్దంటనే అమ్మా. చట్టంల ఉన్నది."

మైక్రోగ్రాము అంటే ఎంతో పద్మమ్మకు తెలియదు. నూరంటే తెలుసు.

"మన కాడ ఎంతున్నదే?"

"కొలిస్తెగాని తెల్వదు."

"అయితే కొలవమందాం."

ఐదు సోమవారాలు వరసగా కలెక్టరాఫీసుకు పోయి, జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చింది. ఆరో వారం కాలుష్యం ఆఫీసు నుంచి సుమన అనే అధికారి, గాలిని కొలిచే యంత్రాన్ని జీపులో వేసుకొని వచ్చింది.

ఆ పొద్దున కంకర మిషన్ చప్పుడు లేదు. రోడ్డు పొడవునా నీళ్లు చల్లి ఉన్నాయి. మేనేజరు విజయ్ ఆ యంత్రాన్ని తన ఆఫీసు గది ముందు, మిషన్‌కు తూర్పున దింపించాడు. పద్మమ్మ చేను పడమర. చలికాలపు గాలి తూర్పు నుంచే వీస్తోంది.

పద్మమ్మ గుప్పెడు దుమ్ము తీసి సుమన ముందు జారవిడిచింది. అది చేను వైపు ఎగిరిపోయింది.

"సూసిండ్రా మేడమ్? మీరు ఈడ కొలిస్తే తేట గాలి దొరుకుతది. మేము పీల్చేది ఆడ."

సుమన విజయ్ వైపు తిరిగింది. "ఇక్కడే ఎందుకు దింపించారు?"

"చేన్ల కరెంటు యాడుంటది మేడమ్?"

"నా బోరు కాడ ఉన్నది. వైరు నేనిస్త," అంటూ పద్మమ్మ కొంగు బిగించి యంత్రాన్ని ఒక వైపు పట్టుకుంది. రెండో వైపు జీపు డ్రైవరు పట్టాడు.

అంతలో చేను యజమాని భీమన్న మోటారుసైకిల్ మీద వచ్చిపడ్డాడు. అతని టిప్పర్లు రెండు ఆ మిషన్ దగ్గరే తిరుగుతాయి.

"నా భూమిల గిసుంటివి పెడితే ఊకోను పద్మమ్మా. కౌలు ఇంకొకరికిస్త."

"పంట తీసేదాక కౌలు నాదే భీమన్నా. అటెనక నీ ఇష్టం."

యంత్రం చేలోకి చేరింది. ఇక విజయ్ కొత్త మాట తీశాడు. బేరింగు పోయింది, మిషన్ వారం దాకా నడవదు.

"నిన్న మాపటి దాక నడిచె గద!" అంది పద్మమ్మ. తర్వాత సుమనతో, "అది నడిచేదాక దీన్ని ఈడనే ఉండనియ్యి మేడమ్. నేను కావలుంట," అంది.

సుమన ఒప్పుకుంది. "నాలుగు రోజులు. అంతకు మించి కుదరదు."

పద్మమ్మ, జోగయ్య చేలోనే మకాం పెట్టారు. రెండో రోజుకు ఖాళీ టిప్పర్లు రోడ్డు మీద బారులు తీరాయి. కంకర కోసం రోడ్డు కాంట్రాక్టరు విజయ్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం విజయ్ గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, సౌజన్యకు మా ఆఫీసుల నౌకరీ ఇప్పిస్త. ఇది తీస్కపొమ్మని మేడమ్‌కు జర చెప్పు."

"మొగని ఊపిరి తీసిండ్రు. ఇగ బిడ్డ ఊపిరి గూడ కావాల్నా? లే ఈడికెల్లి!"

ఆ సాయంత్రమే కంకర మిషన్ కదిలింది. పద్మమ్మ ఫోను చేయగానే సుమన వచ్చి యంత్రాన్ని ఆన్ చేసి, మరునాడు అదే వేళ దాకా నడిపించింది.

లెక్క రెండు వందల ఎనభై ఆరు వచ్చింది. మిషన్ చుట్టూ రేకులు కట్టి, నీటి జల్లు బిగించేదాకా నడపొద్దని ఉత్తర్వు వచ్చింది. మిషన్ రెండు నెలలు మూతపడింది. భీమన్న అన్నంత పనీ చేశాడు. పంట తీయగానే చేను వేరేవాళ్లకు ఇచ్చాడు. పద్మమ్మ వెనక్కి తగ్గలేదు. అదే ఊళ్లోని కాంతమ్మ దగ్గర రెండెకరాలు కౌలుకు పట్టింది. అది మిషన్‌కు ఇంకా దగ్గర.

మిషన్ చుట్టూ రేకులు కట్టారు, మిషన్ మళ్లీ తిరిగింది. వచ్చిన సోమవారమే పద్మమ్మ ప్రజావాణిలో ఉంది.

"మళ్లొచ్చినవా? రేకులు కొట్టిండ్రు గద, ఇంకేంది?" అన్నాడు గుమాస్తా.

"కొట్టినంక ఎంతున్నదో ఎవరన్న కొలిచిండ్రా సారూ?"

దరఖాస్తు బల్ల మీద పెట్టి, రసీదు చేతికిచ్చేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.