గోడకు ఇవతల గిటార్

"చేతులు కడుక్కుని దీని సంగతి చూడు. మధ్యాహ్నం మూడింటికల్లా కావాలి," అంటూ లఖ్దర్ తన గిటార్ పెడల్‌ని రవ్వ పళ్లెం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం కదా, ఘనియా కుస్కుస్ కోసం రవ్వకు నూనె పట్టిస్తోంది. పెడల్‌కు ఏమైందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ ఇనప ముక్కకు వచ్చిన ప్రతి జబ్బూ ఆమెకు తెలుసు. చేతులు తుడుచుకుని నాలుగు మరలూ ఊడదీస్తుంటే అత్తగారు హాజ్జా ఖైరా గుమ్మంలోకి వచ్చింది.

"పొయ్యి మీద కూర ఉంటే ఆ ఇనుము ముందేసుకు కూర్చున్నావా అమ్మాయ్?"

"మీ అబ్బాయిదే అత్తయ్యా."

"వాడిదా? అయితే చూడు, చూడు. వాడికి ఆలస్యమైతే ఎలా?"

ఒరాన్ నగరంలో ఈ పెడల్‌కు పేరుంది. పెళ్లిళ్లలో బ్యాండు మగవాళ్ల హాల్లో కూర్చుంటుంది. గోడకు ఇవతల ఆడవాళ్లకు ఒక పెద్ద స్పీకర్ పెడతారు. పాటా డోలూ రెండు పక్కలా సమానంగానే వస్తాయి కానీ, గిటార్ మాత్రం లఖ్దర్ పాదం చెప్పినట్టు వింటుంది. మడమ నొక్కితే గిటారంతా మగవాళ్లది, మునివేళ్లు నొక్కితే ఆడవాళ్లది, నడిమధ్య ఉంచితే ఇద్దరిదీ. "లఖ్దర్ పాదంలో ఉంది మహిమ" అంటారు ఊళ్లో. ఆ మహిమను ఈ వంటింటి బల్ల మీదే, పెద్దవాడు కడుపులో ఉండగా, టంకం పొగలో కూర్చుని తయారు చేసింది ఘనియా. రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర ఆమె టంకమూ నేర్చుకుంది, గిటారూ నేర్చుకుంది. మొదట్లో పాదం మధ్యకు రాగానే రెండు పక్కలా శబ్దం సన్నగిల్లేది. అది పోవడానికి పది రోజులు కుస్తీ పట్టింది. "మధ్యలో ఎవడు ఉంచుతాడే, నీ చాదస్తం కాకపోతే!" అని నవ్వాడు లఖ్దర్.

అప్పట్లో నవ్వినా బాగుండేది. పెడల్‌ని పరీక్షించడానికి ఒక స్పీకర్ ముందుగదిలో, ఒకటి వంటింట్లో పెట్టుకునేవారు. ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే అతను అక్కడ వాయిస్తూ వాయిస్తూ మునివేళ్లు నొక్కేవాడు. గిటార్ నడవా దాటి, తలుపు దాటి, ఆమె పక్కకొచ్చి నిలబడేది. వెంటనే వెనక్కి వెళ్లిపోయేది. మళ్లీ వచ్చేది. ఒక మనిషి తనను వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చాడనే సంతోషం ఆమెకు ఆ ఒక్క ఏడాదే తెలుసు. పిల్లలు పుట్టారు, వంటింటి స్పీకర్ పెళ్లిళ్లకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె వైపుకు ఏదీ రాలేదు. పక్కనే పడుకునే మనిషి కోసం ఇంత బెంగ ఉంటుందని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

పెళ్లిళ్లకు ఆమెనూ తీసుకెళతాడు. సరదాకు కాదు. ఆడవాళ్ల హాల్లోకి మగవాళ్లు రాకూడదు కాబట్టి, అక్కడి సౌండ్ చూడటానికి ఆడమనిషి కావాలి. జనం రాకముందే ఆమె తన తండ్రి గిటార్‌ను ఆ స్పీకర్‌కు తగిలించి, నాలుగు తీగలు మీటి, పలుకుతోందని తేలగానే తీసి స్పీకర్ వెనక శాలువా కింద పెట్టేస్తుంది. ఆ తర్వాత ఫోనే ఆమె నోరు. ఒక మిస్డ్ కాల్ ఇస్తే సౌండ్ ఎక్కువైందని, రెండిస్తే గిటార్ ఇటు పంపమని. లఖ్దర్ రెండోదాన్ని ఏనాడూ చెవిన పెట్టడు. బ్యాండు మీద కరెన్సీ నోట్లు విసిరేది మగవాళ్లు కదా. "ఆడవాళ్లు గంతులెయ్యడానికి డోలు చాలదుటే?" అంటాడు. అందుకని ఆమె పెళ్లి పెళ్లికీ గోడకు చెవి ఆనించి నిలబడి, తాను చేసిన పెడల్ పంచుతున్న గిటార్‌ను ఇవతలి నుంచి వింటుంది.

ఈ రోజు పెళ్లి ఆమె అన్న కూతురు నిహాద్‌ది. ఆ పిల్ల అడిగింది ఒక్కటే. "అత్తా, బట్టలు మార్చి మార్చి ఆఖరి జతలో నేను బయటికొచ్చేటప్పుడు తాతయ్య బాణీ రావాలి. గిటార్ మీదే రావాలి." తాతయ్య దాన్ని దుకాణం మూసే వేళ వాయించేవాడు, దానికి పేరు కూడా పెట్టలేదు. ఘనియా ఆ బాణీని లఖ్దర్‌కు నేర్పింది. పెడల్‌లో దుమ్ము తుడిచి బిగించి ఇస్తూ మళ్లీ చెప్పింది.

"ఆ ఒక్క పాటకు నడిమధ్య ఉంచు. పూర్తిగా ఇవ్వమనడం లేదు."

"సరేలేవే, ఎన్నిసార్లు చెప్తావు?"

నాలుగున్నరకు నిహాద్ ఆఖరి జత, జరీ జాకెట్టు వేసుకుని ఆడవాళ్ల హాలు గుమ్మం దగ్గర నిలబడింది. అవతల డోలు మొదలైంది. ఘనియా గోడకు చెవి పెట్టింది. లఖ్దర్ బాణీ ఎత్తుకున్నాడు, చక్కగా ఎత్తుకున్నాడు. ఆ వైపున మగవాళ్ల కేకలు. ఈ వైపున ఒట్టి డోలు. నిహాద్ అడుగు వేయలేదు. అత్త వైపు చూసింది.

ఘనియా రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. కాసేపు చూసి మళ్లీ రెండిచ్చింది. డోలే వినిపిస్తోంది. పిల్ల కళ్లలో కాటుక చెదురుతోంది. "ఏమైందమ్మా, రా, నడు!" అని ఎవరో తొందర పెడుతున్నారు.

ఆమెకు కోపం కూడా రాలేదు. చాలా అలసటగా అనిపించింది, అంతే. స్పీకర్ వెనక్కి వెళ్లింది. లఖ్దర్ గిటార్ నుంచి వచ్చే వైరును పీకేసింది. శాలువా తీసి, తండ్రి గిటార్‌ను అదే రంధ్రానికి తగిలించి, గోడ అవతల బాణీ ఎంతవరకు వచ్చిందో విని, అక్కణ్ణుంచి అందుకుంది. మొదటి చరణంలో వేళ్లు తడబడ్డాయి. రెండోదానికి కుదురుకున్నాయి. నిహాద్ నడిచి వచ్చి మధ్యలో నిలబడి ఏడుస్తూ నవ్వింది. రెండు వందల మంది ఆడవాళ్లు ఒక్కసారిగా నాలుక ఆడిస్తూ యూయూ అని సంతోషపు కేకలు పెట్టారు. అంతమందిలో ఉండి వాయిస్తూ ఘనియాకు తన వంటింటి స్పీకర్ గుర్తొచ్చింది. గిటార్ వచ్చింది. తీసుకొచ్చింది తనే.

ఆరింటికి లఖ్దర్ కారు దగ్గర సామాను సర్దుతూ మంచి హుషారు మీదున్నాడు.

"నోట్ల గొడవలో పడి కాస్త ఆలస్యమైందిలే. కానీ చివర్లో మునివేళ్లు నొక్కానో లేదో, మీ ఆడవాళ్లు గోల గోల! విన్నావా నా పాదం దెబ్బ?"

"నువ్వు నొక్కేటప్పటికి నీ వైరు నేల మీద పడి ఉంది. వాయించింది నేను."

ఆమె తన గిటార్‌ను డిక్కీలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చే శుక్రవారం నుంచి నేను సౌండ్ చూడటానికి రాను. ఆడవాళ్ల హాల్లో వాయించడానికి వస్తాను."

ఏం వాయిస్తావని గానీ, ఎలా వాయించావని గానీ అడుగుతాడేమోనని ఆమె ఒక్క క్షణం చూసింది. లఖ్దర్ అడిగింది వేరే.

"మరి మీ వైపు ఎలా వినిపిస్తోందో నాకెలా తెలుస్తుందే?"

"గోడకు చెవి ఆనించు," అంది ఘనియా. "నేనలాగే విన్నాను ఇన్నేళ్లూ."