ఆరిపోయే అక్షరాలు

మా ఆయన బోర్డులు రాస్తారు. ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేతిమీదుగా వచ్చినవే. అలాంటి మనిషికి, నిచ్చెన మీంచి జారిపడ్డ దగ్గర్నుంచీ గీత మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఎముక అతుక్కుంది, చెయ్యి బాగానే ఉందని డాక్టరూ చెప్పాడు. కానీ కుంచె గోడకి ఆనగానే వేళ్లు కొయ్యబారిపోయేవి.

పొడవు గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలని ఆయన గురువు నేర్పారట. పడ్డాక ఈయన ఇంకా గట్టిగా బిగబట్టసాగారు. మొహం ఎర్రబడేది, మెడ నరాలు తేలేవి, గీత మాత్రం వంకర్లు పోయేది. నేను ఊరుకునే రకాన్నా? “గోడ మీద రాస్తున్నారా, గోడని మోస్తున్నారా?” అనేదాన్ని. వెనకటిలా నవ్వేవారు కాదు. నా దిగులంతా అదే.

అంతలో గ్రంథాలయం గోడ మీద పేరు రాసే పని వచ్చింది. “ఇది కూడా కుదరకపోతే కుంచెలు ఎవరికైనా ఇచ్చేద్దాం,” అన్నారు. మామూలుగానే అన్నారు.

ఆ రోజు మా అమ్మాయికి ఆఫీసు ఉండటంతో, ఇంకా బడి వయసు రాని మనవరాలు మా వెంటే వచ్చింది. దాన్ని మేం బుడ్డి అంటాం. ఆయన సుద్దతో అక్షరాల అంచులు గీసుకుని, కుంచె రంగులో ముంచి, మొదటి అక్షరం సగంలో ఆగిపోయారు. గుడ్డతో తుడిచేసి, మెట్టు మీద కూలబడ్డారు.

బుడ్డికి ఇవేమీ పట్టలేదు. ఒక పాత కుంచె పట్టుకుని, చేతులు కడుక్కోవడానికి తెచ్చిన నీళ్ల బకెట్లో ముంచి, ఎండపడుతున్న ప్రహరీగోడ మీద గీత లాగుతూ పరుగెత్తింది. నోట్లో ఏదో కూనిరాగం. ఆ చివరికి చేరేసరికి ఈ చివర గీత ఆరిపోయింది. ఏడుస్తుందేమోనని నేను లేవబోయాను.

“పోయిందే బుడ్డీ,” అన్నారాయన.

“పోయింది తాతయ్యా. మళ్లీ వేసుకోవచ్చు,” అంది అది, పండగలా మొహం పెట్టి.

ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి నాతో మెల్లగా, “చూశావా, అది ఊపిరి బిగబట్టడం లేదు,” అన్నారు. అంత విస్మయం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

లేచి వెళ్లి, “నాకూ ఒక కుంచె ఇస్తావా?” అని అడిగారు.

“నీళ్లు ఒలకబొయ్యకు మరి,” అని హెచ్చరించి ఇచ్చింది.

ఆయన మొదటి గీత ఆగింది. ఆరిపోయింది. ఎవరి సొమ్మూ పోలేదు. రెండోది వంకర పోయింది, అదీ ఆరింది. ఆ తర్వాత అరవై దాటిన మా ఆయన కూనిరాగం తీస్తూ, ఒక చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా, మనవరాలి వెనకాల గోడ పొడవునా గీత లాగుతూ పోయారు. నేను వెనకాలే వెళ్లి ఆ చెప్పు తీసి పక్కన పెట్టాను.

అదే రాగంతో వచ్చి రంగు కుంచె అందుకున్నారు. మొదటి అక్షరం ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరిగి వచ్చింది.

పేరంతా పూర్తయ్యాక బుడ్డి వచ్చి, చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇది ఎప్పుడు పోతుంది తాతయ్యా?”

“ఇది పోదమ్మా. ఇలాగే ఉంటుంది.”

“అయ్యో,” అంది పాపం, ఆయన చెయ్యి నిమురుతూ. “మరి మళ్లీ ఎలా వేస్తావు?”

ఆయన నవ్వారు. ఎన్నాళ్లకో నవ్వారు. రంగు కుంచె కడిగి పక్కన పెట్టి, బకెట్ పట్టుకుని దాని వెంట ఎండలోకి నడిచారు.