గాడిపొయ్యి లెక్క

నేను ఒక నల్లబల్లను. పుట్టింది గుంటూరులో ఒక వడ్రంగి కొట్లో, పెరిగింది ట్యుటోరియల్ కాలేజీలో. విశ్వవిద్యాలయంలో గణితశాఖ గోడ ఎక్కాకే నాకు పెద్దరికం వచ్చింది. అక్కడి మేధావులకు అనంతమంటే ఏమిటో తెలుసు. చొక్కా నిండా సుద్దపొడి ఉందని మాత్రం ఇంటికెళ్లాక భార్య చెబితేగానీ తెలీదు.

వాళ్లలో శేషుకుమారి అనే పరిశోధక విద్యార్థిని నా మీద ఒక ఊరినే నిలబెట్టింది. ఏనాడో కృష్ణ ఒడ్డున వెలిగిన ఏటిమెట్ట పట్నం ఎలా పెరిగిందో, ఎలా పోయిందో సమీకరణాల్లో చెప్పాలని ఆమె తపన. జనాభాకు ఆధారం తవ్వకాల్లో బయటపడ్డ పొయ్యిలు. పొయ్యికో కుటుంబమని లెక్క. వానలు, పంటలు కలిపి గీసిన గీత చక్కగా పైకెక్కింది. కరువుకాలపు పొరకు వచ్చేసరికి పొయ్యిలు ఒక్కసారిగా తగ్గాయి. ఊరు ఊరంతా ఆకలికి చచ్చిపోయిందని గణితం తేల్చేసింది. గీత చివర ఆమె సున్నా పెట్టింది. పాపం, సొంత చుట్టాలు పోయినంత దిగులు పడింది. మర్నాడే సిద్ధాంతగ్రంథం బైండింగుకు వెళ్లాలి.

ఆ తవ్వకాలు జరిపించిన జోసఫ్ గారు అప్పుడే చూడ్డానికొచ్చారు. నా ముందు నిలబడి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇదేందమ్మా, అందర్నీ చంపేశావ్?"

"ఆ పొరలో పొయ్యిలు నాలుగేగా సార్!"

"నాలుగే. ఎంతెంత పొడుగున్నయ్యో చూశావా? గాడిపొయ్యిలమ్మా అయ్యి! పెళ్లి వంటలకి తవ్వుతామే, అట్టాంటియ్యి. కరువులో ఎవురింట్లోనూ చాలినంత లేదు. ఉన్నదంతా కలిపి ఒక్కచోట వండుకున్నారు. ఒక్కో పొయ్యి మీద ఒక్కో వీధి తిన్నది."

శేషుకుమారి ఒక్క అంగలో నా దగ్గరికొచ్చింది. డస్టరు వెతకడానికి కూడా ఆగలేక సున్నాను అరచేత్తో తుడిచేసింది. కుటుంబానికి బదులు వీధిని పెట్టి మళ్లీ లెక్క కట్టింది. గీత కాస్త వంగింది, వానలు పడగానే మళ్లీ లేచింది. చాలా తరాల తర్వాత ఏరు దూరం జరిగినప్పుడు మెల్లగా దిగింది. అప్పటికి జనం పక్క ఊళ్లకు తరలిపోయారు.

"బతికారు సార్!" అంటూ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"మరి బైండింగు?"

"ఆగనివ్వండి సార్" అంది ముక్కు తుడుచుకుంటూ. నాకూ గుండెల మీది బరువు దిగింది. చెక్కకు గుండె ఎక్కడిదని అడక్కండి.

ఆ వారమే గదిలోకి తెల్లబల్ల వచ్చింది. నన్ను సామాన్ల గదికి మోసుకెళ్లబోతూ అటెండరు తడిగుడ్డ అందుకున్నాడు. శేషుకుమారి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"తుడవొద్దన్నా, మనుషులున్నారు!"