ఫిరంగి గుంటలో అడవిపంది

మా దీవిలో కొండ మీద మనిషున్న ఇల్లు ఇప్పుడు కినుయోది ఒక్కటే. పిల్లలు లేరు. భర్త పోయాక కమలాతోట ఆవిడే చూసుకుంటోంది. తోటకు పైన, యుద్ధకాలంలో విమానాలను కూల్చడానికి పెట్టిన ఫిరంగి తాలూకు కాంక్రీటు గుంట ఉంది. ఫిరంగి ఎప్పుడో తుక్కు కింద పోయింది. నిలువెత్తు గుండ్రటి గోడ, అందులో గుండ్లు దాచే గూళ్లు మిగిలాయి. లోపలికి వెళ్లే దారి మట్టి జారి పూడిపోయింది.

ఒక చలికాలం పొద్దున ఆ గుంటలోంచి గురగుర వినిపించింది. తొంగిచూస్తే అడవిపంది. పక్క దీవి నుంచి సముద్రం ఈది వచ్చి జారిపడినట్టుంది. గోడ మీదికి ఎగిరి ఎగిరి ముట్టె చీరుకుపోయింది.

వేటగాడు గెంజోకు కబురు చేయాలి. కినుయో చేయలేదు. బుట్టలోంచి మెత్తబడిన కమలా ఒకటి తీసి కిందికి వేసింది.

"నెమ్మదిగా తిను. ఎవరూ లాక్కోరు."

మాట్లాడి ఎన్నాళ్లయిందో, ఆ గొంతు తనది కాదేమో అనిపించింది.

అప్పటినుంచి రోజూ వెళ్లి గుంట అంచున కూర్చునేది. "ఈ గోడకు ఇసుక మోసింది మేమే, తెలుసా? బడి మాన్పించి మరీ మోయించారు. ఇంతా చేస్తే ఒక్క విమానమూ పడలేదు," అని చెప్పేది. అడుగుల చప్పుడు వినగానే పంది గూట్లోంచి బయటికొచ్చేది.

గెంజో ఒక మధ్యాహ్నం పైకొచ్చాడు.

"అక్కా, బుట్టలకు బుట్టలు పైకి మోస్తున్నావట. గుంటలో మొగుణ్ని దాచావా ఏంటి?"

"ఆయనకన్నా నయం. చెప్పింది వింటుంది."

గెంజో లోపలికి చూశాడు. నవ్వు ఆగింది.

"అందరి తోటలూ తవ్వేస్తుంది అక్కా."

"తెలుసు."

"రేపు పొద్దున తుపాకీ తెస్తా. ఇవాళ నడుం బాగోలేదు," అన్నాడు. కానీ దిగేటప్పుడు నడుం బాగానే ఉన్నట్టు నడిచాడు.

కినుయో షెడ్డులోంచి పొడవాటి చెక్కలు ఈడ్చుకొచ్చి గుంటలోకి వాల్చింది. చెక్కల మీద కమలాలు పెట్టింది. పంది చాలాసేపు వాసన చూసింది. చివరికి ఎక్కింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కినుయో పక్కనుంచే వెళ్లింది గాని, తల తిప్పలేదు. వెదురుపొదల్లోకి దూరిపోయింది.

మర్నాడు గెంజో వచ్చి చెక్కల వంక చూసి, టీ తాగాడు.

"ఎటు పోయింది?"

"నాకేమైనా చెప్పి పోయిందా?"

అతను వెళ్లాక కినుయో రేడియో పెట్టింది. ఎవరో చేపల ధరలు చెబుతున్నారు. "అంత రేటా?" అంది. రేడియోలో మనిషి చెప్పుకుపోతూనే ఉన్నాడు. కాసేపటికి కట్టేసింది.