పెనం తీర్చుకున్న పగ

నేను ఒక దోసెల పెనాన్ని. ఒకేసారి అరడజను దోసెలు మోసే దళసరి ఇనప పలకని. మంచిదాన్నని అనిపించుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. ఒక మనిషి మీద పగబట్టాను, తీర్చుకున్నాను. అది చెప్పకపోతే నాకు కడుపుబ్బరం తగ్గదు.

గుంటూరులో ఒక వెల్డింగు షాపులో పుట్టి, చీరాల బస్టాండు ఎదురుగా పిచ్చేశ్వరరావు హోటలుకి చేరాను. మొదట్లో నా మీద పోసిన పిండంతా ముద్దలు ముద్దలుగా లేచొచ్చేది. దోసె మాస్టరు కోటిలింగం విసుక్కోలేదు. సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి, రోజుల తరబడి రుద్ది రుద్ది నన్ను దారికి తెచ్చాడు. ఆ తర్వాత దోసె దానంతటదే లేచేది. పేరు మాత్రం ఓనరుకొచ్చింది.

కిందటేడు ఓనరు కాశీ వెళ్లాడు. పుణ్యంలో మునిగిపోయి ఫోను ఎత్తలేదు. ఇక్కడ గ్యాసు అయిపోయింది, మినప్పప్పు అయిపోయింది. కౌంటరులో కూర్చున్న బావమరిదేమో బావ చెప్పనిదే గల్లాపెట్టె తీయనన్నాడు. హోటలు మూతపడకూడదని కోటిలింగం తన భార్య నాగరత్నం కమ్మలు తాకట్టుపెట్టి అన్నీ తెచ్చాడు.

ఓనరు తిరిగొచ్చి అందరికీ గంగాజలం పంచాడు గానీ ఆ డబ్బు మాట ఎత్తలేదు. ఒకరోజు కోటిలింగమే అడిగాడు. నలుగురిలో అడిగినందుకు ఓనరుకి పొడుచుకొచ్చింది.

"నిన్నెవడు తెమ్మన్నాడ్రా? రేపట్నుంచి పన్లోకి రామాక!"

"సరేనండి. నెల జీతం, సిలిండర్ల డబ్బులు ఇప్పించండి, పోతా."

"లెక్కలు చూడాల. తర్వాత రా."

ఆ తర్వాత అన్నది ఎప్పుడో, చెప్పులరిగేలా తిరిగినా తేలలేదు. ఒకసారి నాగరత్నం వచ్చింది.

"కమ్మలు వేలానికి పెడతామంటన్నారండీ. మా అమ్మ ఇచ్చినయ్యి అయ్యి."

ఓనరు ఆమె బోసి చెవుల వంక తీరిగ్గా చూసి, "టిఫిను తినిపో అమ్మా" అన్నాడు. ఛీ, వాడిదీ ఒక బతుకేనా! వీణ్ణి ఊరికే వదలకూడదని ఆ క్షణమే అనుకున్నాను.

నాకు కాళ్లా, చేతులా? దారి వాడే చూపించాడు. కొత్త మాస్టరు వచ్చిన రోజున, "ఆ కోటిలింగంగాడి ఏడుపంతా ఈ పెనానికే పట్టుంటది, తోమిపారెయ్యండి" అన్నాడు. సబ్బుపొడి, ఇటుకపొడి వేసి తళతళలాడేలా తోమించాడు. దిష్టి పోవాలని పసుపు రాయించి బొట్టు కూడా పెట్టించాడు. కోటిలింగం ఏళ్ల తరబడి పట్టించిన నూనె పొర కాస్తా మురిక్కాలవలో కలిసింది.

ఇక చూడండి నా తడాఖా! పోసిన ప్రతి దోసెనీ కరిచి పట్టుకున్నాను. కొత్త మాస్టరు గీకలేక చెమటలు కక్కాడు. ప్లేట్లలోకి పీలికలు వెళ్లాయి. పాపం, అతనూ ఉల్లిపాయ పట్టుకున్నాడు గానీ, బేరం పోతుందని ఓనరు ఒక్కపూట ఆగనిస్తేనా? జనం పక్క హోటలుకి మళ్లారు. నాకెంత హాయిగా ఉందో!

చివరికి ఓనరే కబురు పెట్టాడు. కోటిలింగం, నాగరత్నం కలిసి వచ్చారు. అతను పొయ్యి వైపు రాకుండా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు.

"ముందు నా డబ్బులండి."

పళ్లు నూరుకుంటూ మొత్తం ఇచ్చాడు ఓనరు. కోటిలింగం దాన్ని నాగరత్నం చేతిలో పెట్టి, "నువ్ తొందరగా పోయి కమ్మలు ఇడిపించు, తాకట్టు కొట్టు కట్టేస్తారు" అన్నాడు. మళ్లీ ఆ చెయ్యి నా మీద పడుతుందని నేను మురిసిపోయాను.

"ఇంకేం మరి, పొయ్యి దగ్గరికి పద."

"ఇయ్యి చేసిన పనికండి. చెయ్యబోయే పనికి కాదు."

అంతే, మెట్లు దిగి పోయాడు. నా వైపు చూడనైనా లేదు. అది మాత్రం నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఓనరు పిచ్చెక్కినట్టు లేచొచ్చి, కొత్త మాస్టరుని పక్కకి నెట్టి, తనే గరిటెడు పిండి నా మీద కుమ్మరించాడు. ఆ దోసెని నేను ప్రాణం పెట్టి పట్టుకున్నాను. అది మాడి బొగ్గయింది. మర్నాడే నన్ను పాత ఇనప సామాన్ల కొట్టుకి తోలేశాడు. తూకం వేసే ముందు కొట్టువాడు ఆ మాడుని ఉలితో కొట్టి చూశాడు. ఊడనివ్వలేదు. విసుగొచ్చి, దాంతో సహా తూచుకున్నాడు.