ఫ్లాష్‌లో పడిన తెలుపు

పాండీశ్వరి ఆ చిన్న కెమెరాను తెచ్చి బల్ల మీద పెట్టిన తీరు చూస్తే, దొంగను పట్టుకొచ్చి పంచాయతీలో నిలబెట్టినట్టుంది.

"దీని ఫ్లాష్ కెట్టుపోయినాది. ఎట్ల తీసినా బిడ్డ ఎడమ కన్ను తెల్లగా పడతాది. శుక్రవారం కాదుకుత్తు. సాయంత్రం లోపల ఫ్లెక్స్‌కు ఫోటో ఇయ్యాల."

ఆమెకు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర పని. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది గానీ నూలు దుమ్ము ఇంకా జుట్టు వదల్లేదు. వెనకాలే అత్త వెళ్ళత్తాయి మనవరాలు అళగును ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూలబడింది. పిల్లకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. శుక్రవారం కాదుకుత్తులో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు.

"మీ తమ్ముడు కొనిచ్చిన వస్తువు గదా, ఎన్నాళ్ళు ఉంటాది? నా కొడుకు కొనుంటే రాయి మాదిరి ఉండును" అంది వెళ్ళత్తాయి.

"మీ కొడుకు కొన్న మిక్సీకి మూత యాడుందో ఇంకా వెతకతా ఉండాము అత్తా."

లోపల ఫ్రేములు బిగిస్తున్న యజమాని రాజకుమార్ నవ్వాడు. బల్ల వెనకున్న బొమ్మి నవ్వలేదు. తెన్‌కాశి రోడ్డు మీది ఈ స్టూడియోలో ఆమెకు ఇది మూడో ఏడు. వచ్చిన ఫోటోలను కంప్యూటర్‌లో సరిదిద్దడం, ఎవరైనా కెమెరా తెస్తే విప్పకుండా చూడగలిగినంత చూడడం ఆమె పని. వచ్చేవాళ్ళంతా ఆమెను స్టూడియో పాప అంటారు. పేరు ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

బొమ్మి మొదట బ్యాటరీ చూసింది. నిండుగా ఉంది. ఫ్లాష్ మీది గాజును మెత్తటి గుడ్డతో తుడిచింది, లెన్సూ తుడిచింది. సెట్టింగులన్నీ చెరిపి మొదటి స్థితికి తెచ్చింది. తర్వాత పాండీశ్వరిని నిలబెట్టి తీసింది, రాజకుమార్‌ను తీసింది, వద్దు వద్దంటున్న వెళ్ళత్తాయిని తీసింది. ముగ్గురి కళ్ళలోనూ రెండేసి ఎర్రని చుక్కలు, ఫ్లాష్ ఎదురుగా కొడితే అందరికీ పడేవే.

అళగును తీసింది. కుడి కంట్లో ఎరుపు. ఎడమ కంట్లో తెలుపు, వెలుతురు పడ్డ పిల్లి కన్నులా.

కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని తెర దించింది. తెలుపే. పక్కకు జరిగి తీసింది, దూరం పోయి తీసింది. తెలుపే. చివరికి స్టూడియో కెమెరానే తీసుకుని, దాని ఫ్లాష్‌తో కొట్టింది. అందులోనూ అంతే.

పనిలో చేరిన కొత్తలో రాజకుమార్ చెప్పిన మాట బొమ్మికి గుర్తొచ్చింది. కంటి వెనక గోడంతా రక్తం ఉంటుంది, వెలుతురు లోపలికి పోయి దాన్ని తాకి తిరిగొస్తుంది, ఆ ఎరుపు అదే. అంటే ఎరుపు రాలేదంటే, లోపల ఏదో వెలుతురుకు అడ్డం నిలబడి ఉంది.

"ఇది ముందునించే ఇట్లుండాదా అక్కా?"

"లేదు పాపా. మొదటి పుట్టినరోజుకు ఇదే కెమెరాలో తీసి, ఈడనే ప్రింటు ఏయించినాము. చూడు, కన్ను ఎంత బాగా పడినాదో." పాండీశ్వరి సంచిలోంచి ఫోటో తీసి చూపింది. "అందుకేగదా చెప్తాను, ఈ నడమ కెట్టుపోయినాదని."

ఫోటోలో అళగు కేకు ముందు కూర్చుని ఉంది. నల్లని కళ్ళు రెండు. రెంటిలోనూ చిన్న మెరుపు, ఒకే చోట, ఒకే వంపుతో. ఏ మనిషి కళ్ళలోనూ రెండు మెరుపులు అంత అచ్చుగుద్దినట్టు ఉండవు. అది తన చేతి పనేనని బొమ్మికి తెలిసింది. కుడి కంటిని తీసి ఎడమ కంటి మీద అతికించింది తనే.

కెమెరా కార్డులో ఎనిమిది నెలలు వెనక్కి పోయింది. పుట్టినరోజు ఫోటో అసలుది ఇంకా అందులోనే ఉంది. కంప్యూటర్‌లో పెద్దది చేసింది. ఎడమ కంటిపాప అంచున బియ్యపు గింజంత తెలుపు.

ఇప్పుడు కంటిపాప అంతా తెలుపే.

"ఏం పాపా, ఇంతసేపు? ఆ కన్ను ఎత్తి ఈ పక్కన పెట్టు, తీరినాది పని" అని లోపల్నుంచి అరిచాడు రాజకుమార్.

బొమ్మి లేచి అళగు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేత్తో పిల్ల ఎడమ కన్ను మూసింది. అళగు నానమ్మ కొంగుతో ఆడుతూనే ఉంది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసింది. పిల్ల కెవ్వున అరిచి ఆ చెయ్యిని గోళ్ళతో రక్కింది. చెయ్యి తియ్యగానే ఊరుకుంది. ఇంకోసారి మూసింది. ఇంకోసారి అరిచింది.

వెళ్ళత్తాయి తమలపాకు నమలడం ఆపేసింది.

"ఫ్లాష్ బాగుండాది అక్కా" అంది బొమ్మి. "బిడ్డ కంట్లోనే ఏమో ఉండాది. మదురైలో కంటాస్పత్రికి పోండి. ఈ పొద్దే పోండి."

"దిష్టి మాటలు మాట్లాడొద్దు!" అని లేచింది వెళ్ళత్తాయి. "ఊరంతా పిలిచినాము. మేనమామ సారె తట్టలు రెడీ చేసినాడు. శుక్రవారం కానీ, తరవాత చూస్తాము. సెల్‌లో తీస్తే బాగనేగదా ఉండాది?"

"సెల్‌లో పగలు తీసుంటారు అవ్వా, ఫ్లాష్ లేకుండా. అందుకే తెలీలేదు."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు." బొమ్మి లేచి కంప్యూటర్ తెరను వాళ్ళ వైపు తిప్పింది. "పుట్టినరోజు ఫోటోలో కూడా తెలుపుండాది. చిన్నగా ఉండాది అప్పుడు. నేనే మార్చినాను."

తెర మీద పుట్టినరోజు ఫోటో, ఇప్పుడు తీసిన ఫోటో పక్కపక్కన ఉన్నాయి. పాండీశ్వరి దగ్గరికి వచ్చింది. బియ్యపు గింజను చూసింది, నిండిపోయిన తెలుపును చూసింది. బయట బస్సు హారన్ మోగితే ఉలిక్కిపడి, అత్త చంకలోంచి పిల్లను లాక్కుంది.

"అత్తా, చెవులు ఎప్పుడైనా కుట్టచ్చు."

వెళ్ళత్తాయి బెంచీ కిందికి వంగింది. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం ఉండక్కా, డాక్టరుకు చూపియ్యాల" అని బొమ్మి రెండు ఫోటోలనూ ఏమీ మార్చకుండా ప్రింటుకు పెట్టింది. యంత్రం కాగితాన్ని నిదానంగా బయటికి తోసింది. మొదట నెత్తి, తర్వాత నుదురు, తర్వాత ఆ కన్ను. రాజకుమార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బొమ్మి కాగితాలు తిప్పి ఒక్కోదాని వెనక తేదీ వేసింది.

పాండీశ్వరి ఆ తేదీలు చదివింది.

"ఆ పొద్దే చూసినావా?"

"చూసినాను అక్కా. ఫ్లాష్ తప్పనుకొని తుడిచేసినాను."

తిడుతుందనుకుంది బొమ్మి. తిడితే బాగుండుననుకుంది. పాండీశ్వరి పుట్టినరోజు ఫోటో కొత్త ప్రింటును బల్ల మీద బోర్లా పెట్టి, పెన్ను ఆమె వైపు తోసింది.

"నీ పేరు రాయి."

"ఎందుకక్కా?"

"ముందు ఎవరు చూసినారని డాక్టరు అడుగుతాడు గదా."

బొమ్మి తేదీ కింద తన పేరు రాసింది. సిరా ఆరకముందే పాండీశ్వరి కాగితాలు రెండూ అందుకుని, పిల్లను భుజాన వేసుకుని మదురై బస్సు కోసం రోడ్డు దాటింది.