కత్తెర దెబ్బలు రెండు

“గుమ్మంలో పట్టిన మంచం లోపలి గదిలో ఎందుకు పట్టదురా?” అంది మా అత్త, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

“పడుతుందమ్మా. నేనెక్కడ పట్టాలన్నదే తేలడం లేదు” అన్నాడు మరిది. తర్వాత గొంతు తగ్గించి, “వదినా, ఆ పిల్లకి మీ ఆఫీసువాళ్ళ ఆశ్రయం ఉందిగా?” అన్నాడు.

ఆ పిల్లకని మా అత్త మంచం తెప్పించిన పొద్దుటి నుంచీ ఇదే గొడవ. మా అత్త దగ్గర పనిచేసే ఆ పిల్ల గుమ్మం పక్కన మిషను మీద చొక్కాలకి కాజాలు కుడుతోంది. మొగుడు చెయ్యి విరగ్గొట్టినప్పుడు, నేను అనువాదాలు చేసే అంతర్జాతీయ సంస్థ తన ఆశ్రయంలో పడక ఇచ్చింది. మూడు నెలలకోసారి అక్కడివాళ్ళ వివరాలు నేనే నింపి పంపాలి. సంపాదన ఉందా అన్నచోట ఉందని రాశాను. నిజమే రాశాను.

నిన్న సముద్రాల అవతలి నుంచి జవాబొచ్చింది. ఆమె పేదరికం నుంచి బయటపడినందుకు అభినందనలు, ఇక పడక ఖాళీ చేయించగలరు. కొట్టేవాడి సంగతి రాయడానికి అందులో చోటు లేదు. దానికి వేరే విభాగం, వేరే కాగితం. మూడు ఫోన్లు చేశాను. అందరూ మంచివాళ్ళే, అందరూ బాధపడ్డారు.

“నెల ఆగితే ఆ కాగితం వస్తుందత్తయ్యా.”

“వాడు ఆగుతాడటా?”

అప్పుడే ఆ పిల్ల మిషను ఆగింది. సందు మలుపులో దాని మొగుడు.

మా అత్త కత్తెర తీసి మిషను ఇనుపకాలి మీద రెండు దెబ్బలు కొట్టింది. పక్కింట్లోంచి రెండు దెబ్బలు. ఎదురింట్లోంచి, పై వాటాలోంచి రెండేసి. ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కాపురంలో పనివేళ ఆ కుట్టుమిషన్ల సందు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెరగను. మెడలో టేపులతో, పళ్ళ మధ్య దారాలతో గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

“ఏం నాయనా, కొలతలివ్వడానికొచ్చావా?” అంది ఎదురింటి మామ్మ.

వాడు ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు. వచ్చిన దారినే పోయాడు.

ఆఫీసులో దేశదేశాల జెండాలున్న గోడ కింద పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను. ఇంత పెద్ద ఆసరా అక్కడ ఏనాడూ చూడలేదు. ఆ పిల్ల తెగిన దారం సూదిలోకి ఎక్కిస్తోంది. అటుపక్క ఒక మిషను కదిలింది, తర్వాత ఇంకొకటి.

సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాం. మరిది కంచంలోంచి తల ఎత్తకుండానే మా మామగారితో అన్నాడు:

“నాన్నా, తిన్నాక మంచానికి ఓ చెయ్యి వెయ్యండి. లోపలి గదిలో వేసేద్దాం. నేను మిద్దె మీద పడుకుంటాను.”